కదలని సరుకు

ఆ ఉదయం షావుకారు చేతుల్లో ఉన్నవి రెండే. ఎడమ చేతిలో ఐసు ముక్కలు పోసి మూతి ముడివేసిన సంచి. కుడి చేతిలో విప్పని ప్యాకెట్.

ఐసు అడిగింది కూతురు. మోకాలికి చుట్టే పట్టీ కోసం స్నానాలగది అలమరలో వెతుకుతుంటే తువ్వాళ్ళ వెనక ప్యాకెట్ కనబడింది. ఒకటి కాదు, దొంతరగా ఉన్నాయి. ఆడవాళ్ళు నెలసరికి వాడే ప్యాడ్లు. అన్నిటికీ అంచు ఆకుపచ్చ.

సబ్బులూ బ్లేడ్లూ ప్యాడ్లూ టోకున అమ్మే మనిషి ఆయన. ఆకుపచ్చ అంచు పాత సరుకని చూడగానే తెలిసింది. కంపెనీవాళ్ళు నీలానికి మార్చేశారు. కొట్లో ఆకుపచ్చది ఆఖరి పెట్టె ఎండలు ముదరకముందే అయిపోయింది. ఇప్పుడు వానలు కూడా తగ్గుముఖం పట్టాయి.

ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. పోలేదంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదనే అర్థం.

ముందుగదిలో గొడవ అప్పటికే బాగా ముదిరింది.

"ఇంక చాలు. ట్రయల్సూ వద్దు, జట్టూ వద్దు. నడిచే కాలు మిగిలితే అదే పదివేలు." అది భార్య గొంతు.

"ఇది బరువుల వారమమ్మా. బరువులెత్తితే కాస్త వాస్తుంది. మామూలే."

"కాస్తా? మోకాలి చిప్ప ఎక్కడుందో వెతుక్కోవాల్సొస్తోంది. డాక్టరు కాలు అతికించి ఇస్తే, దాన్ని అరువు తెచ్చుకున్న సామానులా వాడుతున్నావు."

"కాలు దానిదీ, నొప్పి దానిదీ. కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మాయ్?" షావుకారు అక్కగారు సోఫాలోంచి లేవకుండానే తీర్పు చెప్పింది. "అయినా ఈ బరువులతో ఒక లాభముంది. ఒళ్ళు తగ్గింది. మంచంలో ఉన్నన్నాళ్ళూ గుమ్మం పట్టనట్టు తయారైంది. నేనే అన్నాను, మోకాలు నిన్ను మొయ్యాలా, ఇల్లు మొయ్యాలా అని."

"అన్నావులే అత్తా. రోజూ అన్నావు."

షావుకారు ప్యాకెట్‌ని కొట్టుకి తీసుకెళ్ళే చేతిసంచిలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు.

అమ్మడు నేలమీద కాలు చాపుకుని గోడకి ఆనుకుని ఉంది. ఇంట్లో అందరికీ అమ్మడే. మైదానంలో మాత్రం హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. కిందటేడు ఎగిరి దిగడంలో మోకాలు మెలితిరిగి లోపలి లిగమెంట్ తెగింది. ఆమె తొడ వెనకనుంచే స్నాయువు తీసి అక్కడ కుట్టారు. వచ్చే వారం జట్టు ఎంపిక. రెండు కాళ్ళ బలం దాదాపు సమానమైందని ఫిజియో సంతకం పెడితేనే మైదానంలో అడుగు పెట్టనిస్తారు. ఈ ఏడు పోతే ఆ గోల్‌లో ఇంకొకరు కుదురుకుంటారు. కుదురుకున్నవాళ్ళని కదపడం ఎంత కష్టమో షావుకారుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన మోకాలిమీద ఐసు సంచి ఆనించాడు.

"చల్లగా ఉందా?"

"ఈ పక్క తెలుస్తోంది. ఆ పక్క తెలీదు." మచ్చకి బయటివైపు అరచేతి మేర వేలితో చూపించింది. "ఆపరేషనైన దగ్గర్నుంచీ అక్కడ మొద్దే నాన్నా. గిల్లినా తెలీదు. అలవాటైపోయింది."

సంచి పట్టుకున్న ఆమె మణికట్టు ఎముక గుండీలా పైకి పొడుచుకొచ్చింది. ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది? ఆయనకి గుర్తు రాలేదు.

*

వంటింటి గోడమీద రంగుల కాగితం ఉంది. అంటించింది షావుకారే, రంగులు వేసేది అమ్మడు.

ఆపరేషనయ్యాక ఎన్ని కసరత్తులు చేయించినా తొడ కండ నిండలేదు. అప్పుడు ఫిజియో మేడమ్ ఈ పద్ధతి పెట్టింది. నెలసరి రోజులకి ఎర్రరంగు. అది తగ్గాక వచ్చే వారాలకి ముదురు పసుపు, అప్పుడు బరువులు పెంచాలి. మళ్ళీ నెలసరి దగ్గరపడే వారానికి లేత పసుపు, అప్పుడు కీలుకి తెరిపి. కొందరికి ఆ రోజుల్లో సత్తువ బాగుంటుంది, కొందరికి తేడాయే తెలీదు, చూద్దాం, అంది మేడమ్.

షావుకారుకి ఆ "చూద్దాం" వినపడలేదు. మిగిలినదంతా ఒక్కసారికే అర్థమైంది. సీజన్లో సరుకు దించు, అన్‌సీజన్లో కొట్టు సర్దుకో. ఇందులో కొత్తేముంది? మెచ్చుకుని, ఇంటికొచ్చి గోడకి అంటించాడు.

ఆ కాగితంలో పోయిన వారం ఎర్రరంగు ఉంది. అంతకుముందూ ఉంది, దానికీ ముందూ ఉంది. లేత పసుపు వేసే తేలిక వారం మాత్రం ఈ మధ్య ఎక్కడా కనబడలేదు. ఎర్రరంగు తర్వాత ముదురు పసుపు, అది అయ్యీ అవకముందే మళ్ళీ ఎర్రరంగు.

సంచిలోంచి ప్యాకెట్ తీసి పొయ్యి పక్కన పెట్టాడు.

భార్య గరిటె ఆపలేదు. "ఇదేంటి, వంటింట్లోకి తెచ్చారు?"

"ఇది నేనెప్పుడు తెచ్చాను?"

"నాకేం తెలుసు? మీరు తెస్తారు, అలమరలో పడేస్తారు. నాకు వాటి అవసరం తీరి ఎన్నేళ్ళైంది."

"అందుకే అడుగుతున్నా. అమ్మడు వాడుతోందా?"

గరిటె ఆగింది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. కొట్లో అడిగినవాళ్ళకి పేపర్లో చుట్టి ఇస్తాడు. ఇంటికి సబ్బులతోపాటు తెస్తాడు. ఆ ఇంట్లో ఆ సరుకు వచ్చేది, పోయేది. దాని గురించి మాట మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు.

"బయట కొనుక్కుంటోందేమో," అంది భార్య.

"టోకు కొట్టు పెట్టుకున్న ఇంట్లో పిల్ల బయట చిల్లరగా కొంటుందా? అడిగావా నువ్వు?"

"ఏమని అడగను? గోడమీద ఎర్రగా రాసుంటే నోటితో అడగడమెందుకనుకున్నా. నోరు తెరిస్తే కసురుతోంది. కాగితం కసరదు కదా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ ఇంట్లో అమ్మ పెడుతూనే ఉంది. పెట్టింది ఎటుపోతోందో అడగడమే మానేసింది.

"ఏంటి గుసగుసలు?" అక్కగారు మంచినీళ్ళ వంకన గుమ్మంలోకి వచ్చింది. పొయ్యి పక్కనున్నదాన్ని చూసింది, గోడమీదున్నదాన్ని చూసింది. ఆవిడకి లెక్కలు రావనుకోవడం తప్పు. "అమ్మాయ్, పిల్లగానీ నెల తప్పిందా ఏంటి?"

"వదినా, ఊరుకోండి. పెళ్ళికాని పిల్ల."

"నాకూ తెలుసు పెళ్ళికాలేదని. అందుకేగా అడుగుతున్నది."

"దానిక్కూడా ఎవడో ఒకడు దొరకాలి కదత్తా." అమ్మడు వెనక నుంచుని ఉంది. కుంటుతూ వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. "ఈ కాలేసుకుని నేను వెళ్ళేది ఫిజియో దగ్గరికొక్కటే. అక్కడ ఉన్నది ఆవిడా, బొమ్మ అస్థిపంజరమూను."

ఎవరూ నవ్వలేదు. అమ్మడు కూడా నవ్వలేదు. మాట మాత్రం సరదాగా ఉంది, మొహం అలమరలా మూసి ఉంది.

పొయ్యి పక్కనున్న ప్యాకెట్ వైపు ఒకసారి చూసింది. తీయలేదు, ఏంటని అడగలేదు.

"టైమవుతోంది," అంది. "పద నాన్నా."

*

సరుకుల వ్యానులో ముందు సీటు ఇద్దరికే. సబ్బు వాసన. ప్యాకెట్ మళ్ళీ చేతిసంచిలో, సంచి ఇద్దరి మధ్యా ఉంది.

రెండు సిగ్నళ్ళు దాటారు. మూడో దాని దగ్గర ఎర్రదీపం పడింది.

"చెప్పకు నాన్నా."

షావుకారు ముందున్న లారీ వెనక చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చే వారం ఒక్కటి గడవనీ. ట్రయల్స్ అయ్యాక నేనే చెప్తా. నా నోటితోనే చెప్తా."

"ఎన్నాళ్ళ నుంచి రావట్లేదు?"

అద్దం దించింది. మళ్ళీ ఎత్తింది. "పెద్ద విషయం కాదు. ఆడేవాళ్ళు చాలామందికి ఆగుతుంది. ఒకరకంగా హాయి."

"మరి ఎర్రరంగు?"

"నెలసరి మొదలై ఎన్నో రోజని మేడమ్ ప్రతిసారీ అడుగుతుంది. రావట్లేదంటే ఆపేస్తుంది, టెస్టులంటుంది. తేలిక వారమంటే కూర్చోబెడుతుంది. కూర్చుంటే తొడ పెరగదు. ఎలాగూ రావట్లేదు, ఏ రోజు చెప్తే ఏంటి? వచ్చిందని చెప్తే మళ్ళీ బరువుల వారం మొదలు." మధ్యనున్న సంచిని పక్కకి జరిపింది. "నువ్వే అనేవాడివిగా, సీజన్ ఏడాది పొడుగునా ఉంటే ఎంత బాగుండేదో అని."

అన్నాడు. ప్రతి ఏడూ అంటాడు. వ్యాపారంలో ఉన్నవాడు ఎవడనడు?

సరుకు లేకుండానే సీజన్ ప్రకటించిన కొట్టు సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. గిరాకీ వస్తుంది, అరలు ఖాళీగా ఉంటాయి, చివరికి అరల చెక్కలు కూడా ఊడదీసి అమ్ముకుంటారు.

"తింటున్నావా?"

"తింటున్నా."

"నేను చూసేటప్పుడా, చూడనప్పుడా?"

పచ్చదీపం పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. అమ్మడు జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

"ఇన్నాళ్ళూ బరువులెత్తింది నేను నాన్నా," అంది క్లినిక్ ముందు దిగుతూ. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. చీటీ చదివినట్టు ఉంది. "ఆ ఒక్క సంతకం కోసం. నువ్వు నోరు మూసుకుంటే చాలు. నీకది కష్టం కాదు కదా. ఇంట్లో ఎప్పుడూ చేసేదేగా."

*

ఫిజియో గదిలో నీలం పరుపులు, గోడకి వేలాడే రబ్బరు పట్టీలు, మూలన అక్కగారి అనుమానం తీర్చిన బొమ్మ అస్థిపంజరం. మధ్యలో కాళ్ళతో తోసే మిషను. షావుకారుకి గోడ పక్కన కుర్చీ చూపించారు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఫిజియో మేడమ్ టేపుతో మోకాలు కొలిచింది. తొడ కొలిచింది. రెండో తొడ కొలిచింది. మొహం చిట్లించింది.

"వాపెక్కువైంది. తొడ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంత బరువు పెడుతున్నా కండ ఎందుకు పట్టట్లేదో నాకర్థం కావట్లేదు. సరే, ఇవాళ ఎన్నో రోజు?"

"తొమ్మిది."

తడుముకోలేదు. నోటికొచ్చిన ఎక్కంలా చెప్పింది.

"అయితే ఈ వాపుకి కాస్త తగ్గించి పెడదాం. నొప్పిస్తే ఆగు." మేడమ్ మిషనుకి ఇనప బిళ్ళలు తగిలించడం మొదలుపెట్టింది. ఒకటి. దానిమీద ఇంకొకటి. ఇనుముమీద ఇనుము పడిన ప్రతిసారీ అమ్మడు తండ్రి వైపు చూసింది.

షావుకారు లెక్కేసుకున్నాడు. చెప్తే ట్రయల్స్ పోతాయి, పిల్ల మొహం చూడదు. చెప్పకపోతే సంతకం దక్కవచ్చు. సంతకం దక్కాక కాలు? పునాది తడిగా ఉందని తెలిసీ పై అంతస్తు వేసినవాడు ఎవరికి అమ్ముతాడు? తెలియనివాడికి అమ్ముతాడు. ఇక్కడ కొనేదీ కూతురే, అందులో ఉండాల్సిందీ కూతురే.

అమ్మడు పాదాలు పలకకి ఆనించి తోసింది. మంచి కాలు నిటారుగా ఉంది. రెండోది గాలికి తీగలా వణికింది. ఆమె మొహంలో మాత్రం ఏమీ కదలలేదు.

ఆయన లేచాడు. సంచిలోంచి ప్యాకెట్ తీసి, మేడమ్ బల్లమీద టేపు పక్కన పెట్టాడు.

"ఇది పాత సరుకండి," అన్నాడు. ఇంకేమనాలో ఆయనకి తెలీదు, తెలిసిన భాషలోనే చెప్పాడు. "ఎండాకాలానికి ముందు ఇంటికి తెచ్చింది. మళ్ళీ కొత్తది తేలేదు. ఇది కదల్లేదు. ఒక్కటీ కదల్లేదు."

మేడమ్ ప్యాకెట్ చూసింది. అమ్మణ్ణి చూసింది. మిషను పలకని చేత్తో పట్టి ఆపింది.

"నిజమేనా?"

అమ్మడు పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

మేడమ్ బిళ్ళలు ఒక్కొక్కటే తీసేసి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కేకలేస్తుందనుకున్నాడు షావుకారు. వెయ్యలేదు.

"తప్పు నాదీ ఉంది. ఎన్నో రోజని అడిగాను, అసలు వస్తోందా అని అడగలేదు. ఈ పద్ధతి అందరికీ పనిచేస్తుందని ఇంకా ఎవరూ గట్టిగా తేల్చలేదు. నీ ఒళ్ళు చెప్పేదాన్నిబట్టి బరువు మార్చుకుందామని పెట్టాను. ఒళ్ళు చెప్పకుండా నువ్వు చెప్పావు."

అమ్మడు పలకమీంచి కాళ్ళు తీసేసింది.

"నెలసరి ఎందుకాగిందో డాక్టరు చూసి చెప్పాలి. కానీ తిండి తగ్గించి, కసరత్తు పెంచితే ఆగడం నేను చూశాను. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ అయినప్పుడు ఒళ్ళు ఒక్కో ఖర్చూ కోసేస్తుంది. ముందు నెలసరిని కోసింది. తర్వాత ఎముక, కండ. కుట్టిన లిగమెంట్ కూడా ఆ ఒంట్లోనే బతకాలి." తండ్రి వైపు తిరిగింది. "బ్లడ్ టెస్టులు రాయిద్దాం సార్. పోషకాహారం చూసే ఆవిడ దగ్గరికి పంపుతాను. బరువులు కొన్నాళ్ళు పక్కన పెడదాం."

"ట్రయల్స్?" అమ్మడు మొదటిసారి నోరు విప్పింది.

"నేను సంతకం పెట్టలేనమ్మా."

"సరే," అంది అమ్మడు.

ఏడుస్తుందేమోనని ఇద్దరూ చూశారు. మిషను మీంచి దిగి, మేజోళ్ళు పైకి లాక్కుంది. బూటు ముడి వేసుకోవడానికి వంగి చాలాసేపు అలాగే ఉంది. లేచేసరికి ముడి పడే ఉంది, మొహం వంగకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

*

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. పొద్దున గొడవే నయమనిపించింది షావుకారుకి.

విషయం విన్నాక అక్కగారు సోఫాలో కూర్చోవడం మాని బాల్కనీలోకి వెళ్ళింది. అక్కడ ఆరిన బట్టలు తీసి మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెడుతోంది. "నేను నవ్వులాటకన్నాను తమ్ముడూ," అంది ఆయన అటు వెళ్ళినప్పుడు. "ఇల్లు మొయ్యాలా అని. నవ్వుతుందని." ఆయన ఊ కొట్టాడు.

భార్య కంచంలో వడ్డించి బల్లమీద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. గోడమీది కాగితం వైపు అలవాటుగా కళ్ళెత్తి, దించుకుంది.

"ఎన్నాళ్ళయిందే?"

అడిగేసింది. చిన్న మాట. అన్ని నెలలూ ఆ ఇంట్లో దానికి చోటు దొరకలేదు.

అమ్మడు కంచంలో వేలితో గీతలు గీసింది. "ఈ ఏడు టెన్త్ పరీక్షలప్పుడు పక్కింటివాళ్ళు గుడి మైకు ఆపమని గొడవ పడ్డారే, అప్పుడొచ్చింది. అదే ఆఖరు."

భార్య చెయ్యి చాపింది. ఎక్కడ పట్టుకోవాలో తెలియక కంచం అంచు పట్టుకుంది.

అమ్మడు తిన్నది. ఆకలితో తిన్నట్టు లేదు, ఎవరో అప్పగించిన పని చేస్తున్నట్టు ముద్ద తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది. సగానికి వచ్చి ఆగింది. ఆ సగాన్ని ముగ్గురూ చూశారు, చూడనట్టు చూశారు.

షావుకారు కొట్టుకి బయల్దేరడానికి చేతిసంచి తీసుకున్నాడు. మేడమ్ తిరిగి ఇచ్చిన ప్యాకెట్ అందులోనే ఉంది.

"నాన్నా."

"ఊ."

"అది పాతదని ఎలా తెలిసింది?"

మాట్లాడింది కదా అని ఆయన ప్రాణం కుదుటపడింది. "అంచు చూసి. పాతది ఆకుపచ్చ, కొత్తది నీలం. కంపెనీవాళ్ళు రంగు మార్చారు."

"వెంటనే తెలిసిందా?"

"చూడగానే. అదే కదా నా పని."

అమ్మడు తలాడించింది. లేచి, వాచిన కాలిమీద భారం పడకుండా కుర్చీ వీపు పట్టుకుంది.

"ప్యాకెట్‌కి అంచు మారితే చూడగానే తెలిసింది," అంది. "నేను మారితే తెలీలేదా నాన్నా?"

అడిగి, జవాబు కోసం నిలబడింది. నిజంగానే నిలబడింది. ఆయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో ఏ గిరాకీ ఏ ప్రశ్న వేసినా ఆయన దగ్గర మాట తడుముకోకుండా ఉండేది. ఇప్పుడు లేదు.

అది చూసి అమ్మడు తన గదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, తెరిచీ పెట్టలేదు. దగ్గరికి వేసి వదిలేసింది.

రోజు గడిచేలోగా లెక్క చూసుకోవడం షావుకారు అలవాటు. వీధి గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు పెట్టి అక్కడే చూసుకున్నాడు. ట్రయల్స్ పోయాయి. తన నోరు మూతపడే ఉంటుందని కూతురికున్న నమ్మకం పోయింది, అది పోవడం లాభమో నష్టమో ఇప్పుడే తేలదు. చేతికొచ్చింది సగం ఖాళీ అయిన కంచం. దానితోపాటు ఒక ప్రశ్న. అది వాయిదా వేస్తే పాతబడే సరుకు.

సంచి గోడకి తగిలించాడు. చెప్పులు విడిచి, దగ్గరికి వేసిన తలుపు వైపు నడిచాడు. ఏం చెప్పాలో తెలియకుండా ఒక తలుపు తట్టడం ఆయనకి అదే మొదటిసారి.